చిట్టి పుస్తకంలో మూడు సంతకాలు

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే, పార్కు చూశావా అని. అక్కడ పెద్ద గులాబీ తోట ఉంటుందట, సాయంత్రం పూట రంగురంగుల నీళ్ళు పైకి చిమ్ముతాయట. నేను చూడలేదు. ఆదివారం వెళ్దామనుకున్నాం, ఆ ఆదివారం ఆసుపత్రి వరండాలో గడిచింది. కోపం కాస్త చల్లారాక రాద్దామని నెల్లాళ్ళు ఆగాను. చల్లారే సూచనలు కనబడక ఇక ఇలాగే రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాలో ఒక సబ్‌సెంటర్లో ఏఎన్‌ఎమ్‌ని, ఊళ్ళవాళ్ళకి నర్సమ్మని. పురుళ్ళు పోస్తాను, పిల్లలకి సూదులు వేస్తాను, రిజిస్టర్లు నింపుతాను. ఇన్నేళ్ళ సర్వీసులో సెలవు పెట్టుకుని జిల్లా దాటడం ఇదే మొదటిసారి. మా పిన్ని కూతురు రమణ పెళ్ళయినప్పటి నుంచీ జంషెడ్‌పూర్లోనే ఉంటోంది. ప్రతి ఉత్తరం చివరా “ఒక్కసారి రా అప్పా” అని రాస్తుంది. మా వైపు అక్కని అప్ప అంటారు.

ఖరగ్‌పూర్ దాకా నెత్తళ్ళ బుట్ట

రమణకి ఇష్టమని ఎండు నెత్తళ్ళు, తాటి తాండ్ర, రెండు వీశెల చింతపండు బుట్టలో కట్టుకుని బయల్దేరాను. బండి బరంపురం దాటేసరికి ఎండకి నెత్తళ్ళ వాసన పెట్టెంతా పాకింది. ఎదుటి సీటాయన ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. నేను సిగ్గుతో బుట్టని సీటు కిందకి కాలితో తోస్తూ కూచున్నాను. ఇంతలో ఒక బెంగాలీ పెద్దావిడ వంగి, బుట్ట మూత తీసి, గుండెల నిండా వాసన పీల్చి, అమ్ముతావా అని సైగ చేసింది. అమ్మనంటే బతిమాలింది. గుప్పెడు కాగితంలో పోసిచ్చాను. బదులుగా ఆవిడ తన డబ్బాలోంచి నాలుగు పూరీలూ తియ్యటి బంగాళాదుంప కూరా పెట్టింది. కూరలో పంచదార వేసే మనుషులు ఉంటారని అప్పుడే తెలిసింది.

ఖరగ్‌పూర్‌లో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద సగం మంది తెలుగే మాట్లాడుతున్నారు, కూలీలతో సహా. అక్కడ టీ మట్టి ముంతలో పోసిస్తారు, ముప్ఫై పైసలు. తాగేసి అందరూ ముంతని పట్టాల మీద విసిరి పగలగొడుతున్నారు. నాకు చెయ్యి రాలేదు. కుళాయి దగ్గర కడుక్కుని సంచిలో పెట్టుకున్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మా సబ్‌సెంటర్లో విరేచనాల పిల్లలకి ఉప్పు పంచదార నీళ్ళు కలిపి పట్టడానికి ఉన్నవి రెండే గ్లాసులని వాళ్ళకేం తెలుసు.

బారిడీహ్ దాటాక

టాటానగర్ స్టేషన్‌కి రమణ భర్త సూర్నారాయణ వచ్చాడు. అతను పనిచేసేది ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద కంపెనీలో కాదు. చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలు బోలెడున్నాయి, వాటిలో ఒకటి. పేరు రాయను. అందులో అతను పర్మనెంటు. ఆ మాట అతను ‘మా పిల్ల’ అన్నంత ప్రేమగా అంటాడు.

రిక్షా సాక్చీ బజారు దాటి, కాసిడీహ్ పక్కనుంచి, అగ్రికో క్వార్టర్ల మీదుగా పోయింది. రోడ్లు కడిగినట్టున్నాయి, రెండు వైపులా చెట్లు. మా జిల్లా కలెక్టరాఫీసు ముందు కూడా అంత శుభ్రం ఉండదని సూర్నారాయణతో అన్నాను. అతను ఆ చెట్లన్నీ తనే నాటినట్టు నవ్వాడు.

బారిడీహ్ దాటాక వాళ్ళ ఫ్యాక్టరీ క్వార్టర్లు. రెండు గదులు, వంటిల్లు, ఎప్పుడు తిప్పినా నీళ్ళొచ్చే కుళాయి. గుమ్మం పక్కన గోడ మీద దోమల మందు కొట్టిన తేదీ ఎర్రమట్టి గేరుతో రాసి ఉంది. ఎక్కడికి వెళ్ళినా నా కళ్ళు ముందు అవే వెతుకుతాయి.

రమణ కూతురు చిట్టికి మూడేళ్ళు. నేను తెలుగులో ఏం తిన్నావమ్మా అంటే ‘భాత్ ఖాయా’ అంది, అన్నం తిన్నానని. తాండ్ర పెడితే ‘ఔర్ దో’ అంది, ఇంకా పెట్టమని. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం వీధి భాషలోనే. సాయంత్రానికి నా ఒళ్ళో ఎక్కి కూచుంది. పని అలవాటు కదా, దీనికి సూదులన్నీ వేయించారా అని అడిగాను. సూర్నారాయణ గర్వంగా బీరువాలోంచి మెడికల్ పుస్తకం తీశాడు. నీలం అట్ట, లోపల ఇంటిల్లిపాది పేర్లు, చిట్టి పేరున ఒక పేజీ. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి వేసే సూది మూడు డోసులూ పడ్డట్టు మూడు సంతకాలు. వరసగా మూడు నెలలు, ఒక్క నెల కూడా తప్పలేదు. మా ఊళ్ళలో ఒక తల్లి చేత మూడు డోసులు పూర్తి చేయించాలంటే ఆమె వెనక పొలం గట్ల మీద పరిగెత్తాలి. నా కడుపు నిండిపోయింది. నీలాంటి తల్లులు పదిమంది ఉంటే నా ఉద్యోగం ఎంత సుఖం అని రమణని మెచ్చుకున్నాను. పొయ్యి మీద పాలున్నాయంటూ రమణ లోపలికి వెళ్ళిపోయింది. సిగ్గుపడిందనుకున్నాను.

నాలా అవతల

క్వార్టర్ల వరస చివర ఒక నాలా ఉంది. ఫ్యాక్టరీ మురుగు, ఇళ్ళ మురుగు అన్నీ అందులోనే. దాని మీద రెండు చెక్కలు వేసి ఉన్నాయి. అవతల రేకుల ఇళ్ళు. అక్కడుండేది అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాళ్ళు. ఒకే గేటులోంచి వెళ్తారు, ఒకే కూతకి లేస్తారు. పర్మనెంటు వాళ్ళకి నీలం పుస్తకం ఉంటుంది, వీళ్ళకి ఉండదు. తేడా అంతే.

రెండో రోజు రమణ నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. మన వైపు మనిషి ఉందంటూ పైడమ్మని చూపించింది. నెత్తిన ఇటుకలు మోసే రేజా పని ఆమెది. అక్కడ కూలి ఆడవాళ్ళని రేజా అంటారు. రమణ కూతురి ఈడు కూతురే ఆమెకీ ఉంది, గౌరి. పైడమ్మ మాకు రొట్టెలు పెట్టింది. నల్లగా ఉన్నాయేమిటా అనుకున్నాను, తింటే మన చోళ్ళే, రాగులు. మనం అంబలి కాచుకుంటాం, వాళ్ళు మడువా అని రొట్టె చేస్తారు. ఎండుమిరపకాయ నూరి పెట్టింది, మా అమ్మ చేతి వంటలాగే ఉంది.

తింటూ గోడలు చూశాను. ఒక్క గోడ మీదా తేదీ లేదు. దోమకి నాలా దాటడం రాదనుకున్నారు కాబోలు. చేతిపంపు ఒక్కటే, అది నాలాకి పది అడుగుల్లో ఉంది. పిల్లలకి సూదులు వేస్తారా అని వాకిట్లో చేరిన ఆడవాళ్ళని అడిగితే, ఏ సూదులు అన్నట్టు చూశారు. పైడమ్మ ఒక్కతే గౌరిని ముందుకు లాగి, మా గుంటకి మూడూ పడ్డాయి నర్సమ్మా అంది. ఎక్కడ వేశారని అడగబోతుంటే రమణ లేచి, పొద్దుపోతోంది పద అంది. చెక్కల మీద దాటేటప్పుడు నా చెయ్యి అవసరమైన దానికంటే గట్టిగా పట్టుకుంది.

శనివారం, చెంచా, టార్చిలైటు

శుక్రవారం నుంచి చిట్టికి జ్వరం. సూర్నారాయణ వేడి జిలేబీ తెచ్చినా ముట్టలేదు. గొంతు నొప్పి అంటోంది. టాన్సిల్స్ వాచి ఉంటాయి, ఉప్పు నీళ్ళు పుక్కిలించమన్నాను. మూడు డోసులూ పడ్డ పిల్ల, కంగారు లేదని నా నోటితో నేనే అన్నాను. ఆ మాట అన్నప్పుడు రమణ మొహం చూసి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది. చూడలేదు.

శనివారం పొద్దున్న దాని మెడ వాచిపోయింది. ముద్దు పెట్టుకోబోతే నోట్లోంచి వాసన వచ్చింది. ఆ వాసన నేను సర్వీసులో రెండుసార్లు చూశాను, ఒకసారే పిల్ల దక్కింది. చెంచా కాడతో నాలుక నొక్కి టార్చి వేశాను. గొంతులో బూడిదరంగు పొర, పాత గుడ్డముక్క తడిపి అంటించినట్టు. కంఠసర్పి. పుస్తకం కాదంటోంది, గొంతు అవునంటోంది. నాకు ఏదీ అర్థం కాలేదు, పిల్లని భుజాన వేసుకుని పద అన్నాను. రమణ పుస్తకం తీసుకుని నా వెనకే వచ్చింది. సూర్నారాయణ అప్పటికే డ్యూటీలో ఉన్నాడు.

డిస్పెన్సరీ బల్ల

దీనికి విరుగుడు సీరం పెద్దాసుపత్రిలోనే ఉంటుంది. ఆలస్యమయ్యే ప్రతి గంటా గుండె మీద పడుతుంది. అక్కడికి పంపాలంటే ఫ్యాక్టరీ డిస్పెన్సరీ డాక్టరు చీటీ రాయాలి, బండి ఇవ్వాలి. ఆయన కుర్చీలో కూచుని చెయ్యి చాపాడు. పిల్ల కోసం అనుకుని ముందుకు వంచాను. కాదు, పుస్తకం కోసం.

పేజీ తిప్పి, మూడు సంతకాల మీద వేలు పెట్టి, ‘టీకా పూరా హై’ అన్నాడు, సూదులన్నీ పడ్డాయని. తర్వాత నోరు తెరిపించాడు. పిల్ల వాంతి చేసుకోబోయింది, ఆయన టార్చి వెనక్కి తీశాడు. టాన్సిల్స్ అని మాత్రలు రాయడం మొదలుపెట్టాడు. నా వచ్చీరాని హిందీలో పొర ఉందన్నాను, మెంబ్రేన్ అన్నాను, ఇంకోసారి చూడమన్నాను. నువ్వేం చేస్తావని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వాడు. పెద్దగా కూడా కాదు, పెదవి చివర. ఇన్నేళ్ళూ పేడ గోడల మధ్య లాంతరు పట్టుకుని పోసిన పురుళ్ళన్నీ ఆ నవ్వుతో ఊడ్చేసినట్టయింది. కాగితం మీది సంతకాన్ని నమ్మి ఎదురుగా ఊపిరాడని పిల్లని నమ్మని మనిషికి ఆ కుర్చీ ఎవరిచ్చారో అనిపించింది.

అప్పుడు రమణ నోరు విప్పింది. నా వైపు తిరిగి తెలుగులోనే చెప్పింది.

“ఇవి దీనికి పడనేదప్పా. గౌరికి పడ్డాయి.”

మిగతాది ఏడుస్తూ చెప్పింది. చిట్టికి మూడో నెలలో మొదటి సూది వేయించాల్సిన రోజున జ్వరం. జ్వరం ఉంటే వెయ్యరు. అదే రోజు పైడమ్మ వచ్చి, మా పిల్లకి సూది ఎలాగమ్మా అని కాళ్ళు పట్టుకుంది. ఈడు ఒకటే, పిల్లలిద్దరూ నలుపే, కాంపౌండరు మొహాలు చూడడు. రమణ గౌరిని ఎత్తుకుని చిట్టి పేరుతో వేయించింది. ఒకసారి మొదలెట్టాక ఆ పిల్లకే మూడూ పడాలి కదా అని తర్వాతి రెండు నెలలూ గౌరినే తీసుకెళ్ళింది. తర్వాత చిట్టిని తీసుకెళ్తే, అయిపోయాయి పొమ్మన్నాడు. ఉన్నది చెబితే మొగుడి ఉద్యోగం ఏమవుతుందోనని ఊరుకుంది. మూడేళ్ళూ ఊరుకుంది.

“మాది కోటరు, కొళాయి నీళ్ళు. అది నాలా గట్టున పెరుగుతున్నాది. సూది దానికే గావాల గదా అనుకున్నానప్పా.”

నా చదువులో, నా ట్రైనింగులో, ఎవరికి ముందు వెయ్యాలన్న దాని మీద ఇంత సరైన మాట నాకెవరూ చెప్పలేదు. ఆ సరైన మాటే దాని కూతురి గొంతు మీదకి వచ్చింది. రమణ కళ్ళు తుడుచుకుని అదంతా డాక్టరుకి హిందీలో మళ్ళీ చెప్పింది.

ఆయన మొహం మారింది. సొరుగులోంచి ఎర్ర సిరా పెన్ను తీశాడు. చీటీ రాస్తాడనుకున్నాను. ముందు పుస్తకం దగ్గరకి లాక్కుని మూడు సంతకాల మీదా అడ్డంగా గీత గీశాడు. కాంపౌండరుని పిలిచాడు, గుమాస్తాని పిలిచాడు, సాక్షి సంతకాలు పెట్టించాడు. పుస్తకం దుర్వినియోగం అని రాయించాడు. ఈలోగా చిట్టి నా భుజం మీద గురగురమంటూ ఊపిరి లాగుతోంది. నేను బల్ల మీద చరిచాను. నా జీవితంలో డాక్టరు బల్ల మీద చెయ్యి వేసి కూడా ఎరగను. ముందు పిల్ల, తర్వాత పుస్తకం అని అరిచాను. తెలుగులోనే అరిచాను, అర్థమైనట్టే ఉంది. ఈసారి సరిగ్గా నాలుక నొక్కి చూశాడు. చీటీ రాశాడు.

పార్కుకి వెళ్ళాల్సిన ఆదివారం

పెద్దాసుపత్రిలో సీరం ఎక్కించారు. విడి వార్డులో ఉంచారు, తల్లిని తప్ప ఎవరినీ రానివ్వలేదు. ఆదివారమంతా నేనూ సూర్నారాయణా వరండాలో కూచున్నాం. అతను రమణని తిట్టలేదు. నాకు చెప్పి ఉంటే నేను వద్దనేవాణ్ణి, అందుకే చెప్పలేదు, అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. గౌరిని చంకనేసుకుని అంత దూరం నడిచి వచ్చింది. నా ముందు నేల మీద కూచుని పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచింది.

“నర్సమ్మా, ఆ మందు దీని ఒంట్లోనే ఉన్నాది గదా. దీని రగతం తీసి ఆ గుంటకి ఎక్కించీమని సెప్పు.”

చదువుకోని మనిషి వెర్రి మాట అనుకునేరు. చిట్టికి ఎక్కించిన సీరం అలా తయారైందే, గుర్రాలకి మందు వేసి వాటి రక్తంలోంచి తీస్తారు. గుర్రానికి ఇచ్చినపాటి లెక్క నాలా అవతలి పిల్లలకి ఇవ్వలేదు ఈ దేశం. పైడమ్మ చెయ్యి పట్టుకుని, అక్కర్లేదు, మందు దొరికిందని చెప్పాను. ఆమె నమ్మకం కుదరక సాయంత్రం దాకా కూచుంది.

సోమవారం డిస్పెన్సరీకి మళ్ళీ వెళ్ళాను. ఒక పిల్లకి వచ్చిందంటే చుట్టుపక్కల పిల్లలందరికీ సూదులు వెయ్యాలి, అది నాకు తెలిసిన మొదటి పాఠం. క్వార్టర్ల పిల్లలకి రేపే వేస్తామన్నాడు డాక్టరు. నాలా అవతల అంటే, వాళ్ళు మా లిస్టులో లేరన్నాడు. మందు మీదివ్వండి, నేను వేస్తాను, స్టౌ మీద సిరంజిలు ఉడకబెట్టుకుంటాను అన్నాను. కుదరదన్నాడు. ఊళ్ళో ఒక ఆఫీసుకి వెళ్ళాను, ఆ బస్తీ తమ హద్దులో లేదన్నారు. ఆ హద్దు ఎవరిదో వాళ్ళని అడగమని ఇంకో చోటు చెప్పారు. అక్కడ అర్జీ పెట్టమన్నారు. రమణ చేత హిందీలో రాయించి పెట్టాను. నేనున్నన్నాళ్ళూ ఎవరూ రాలేదు. చేతిలో పని ఉండి, మందు లేక, పిల్లల్ని ఊరికే చూస్తూ కూచోవడం ఎంత నరకమో ఆ వారం తెలిసింది.

చెక్కల వంతెన దగ్గర

టెలిగ్రాం ఇచ్చి సెలవు పొడిగించుకున్నాను. చిట్టి దక్కింది. కానీ రెండో వారంలో నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట ముక్కుతో వచ్చేది. గొంతు నరాలు దెబ్బతింటే అలా అవుతుంది, కొన్నాళ్ళకి తగ్గుతుందని అక్కడి డాక్టర్లు చెప్పారు. సూర్నారాయణ నీలం పుస్తకాన్ని ఏడాది పాటు ఫ్యాక్టరీ వాళ్ళు తీసేసుకున్నారు. అంటే ఆ ఏడాదంతా చిట్టికి కూడా నాలా అవతలి బతుకే.

బయల్దేరే రోజున పైడమ్మ చెక్కల దగ్గర ఎదురుచూస్తోంది. దారిలోకి మడువా రొట్టెలు మూటకట్టి ఇచ్చింది. ఇచ్చాక కూడా కదల్లేదు.

“నన్ను ఆనమాలు పట్టనేదు గదా నర్సమ్మా. ఈ గుంటకి బొడ్డు కోసింది నువ్వే.”

ఊరి పేరు చెప్పింది. నేను ప్రతి బుధవారం వెళ్ళే ఊరే. ఎంత చూసినా నాకు ఆ మొహం గుర్తు రాలేదు. నెల్లాళ్ళ పిల్లతో బండెక్కేశారట, పని దొరకాలంటే అప్పుడే వెళ్ళాలట.

“మూడు సూదులూ మానొద్దని నువ్వు మరీమరీ సెప్పినావు. అందుకే ఇక్కడ రమణమ్మ కాళ్ళట్టుకున్నాను.”

రిక్షా ఎక్కేదాకా నేను తలెత్తలేకపోయాను. ఖరగ్‌పూర్‌లో టీ కూడా తాగలేదు.

మా రిజిస్టరు

డ్యూటీలో చేరగానే పాత రిజిస్టరు తీశాను. పైడమ్మ పేరుంది, పుట్టిన తేదీ ఉంది, ఆడపిల్ల అని ఉంది. మూడు డోసుల గడులూ ఖాళీ. వాటి మీద అడ్డంగా ఎర్ర గీత, పక్కన ‘వలస’ అన్న మాట. నా రాతే. రెండుసార్లు వెళ్ళి ఇల్లు తాళం ఉంటే అలా గీసేస్తాం. గీస్తే ఆ పిల్ల లెక్కలోంచి పోతుంది, మిగిలినవాళ్ళతో శాతం బాగా కనిపిస్తుంది. ఆ ఏడు నా శాతం బాగుందని మీటింగులో మెచ్చుకున్నారు కూడా. ఎక్కడికి వెళ్ళారని ఇరుగుపొరుగుని అడగలేదు. ఆ తల్లి చేతికి ఒక కాగితం ముక్క రాసివ్వలేదు. బల్ల మీద చరిచి అరిచిన మనిషిని నేనే, ఎర్ర పెన్ను పట్టుకున్న మనిషినీ నేనే.

రిమార్కుల గడి చిన్నది. అందులో పట్టేలా రాశాను: ‘పేరు గౌరి. మూడు డోసులూ పడినవి. జంషెడ్‌పూర్‌లో, చిట్టి అను పిల్ల పేరు మీద.’

పోయిన వారం సూపర్‌వైజరుగారు వచ్చి చూశారు. ఇది ఏ రూలు ప్రకారం రాశావమ్మా అన్నారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కొట్టేసి కింద సంతకం పెట్టమన్నారు. నేను పెన్ను అందుకోలేదు. ఆయన రాసుకుని వెళ్ళిపోయారు, మెమో వస్తుందట, రానీ.

ఆ పేజీలో ఇంకా పదకొండు ఎర్ర గీతలున్నాయి. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాను, మీవాళ్ళు ఏ ఊరు వెళ్ళారు, అడ్రసు ఉందా అని. నలుగురివి దొరికాయి.